బియ్యం, పప్పుతో ఒక క్లినికల్ ట్రయల్

36 కిలోలు. జార్ఖండ్‌లో ఒక ట్రయల్‌లో చేరి టీబీ మందులు మొదలుపెట్టిన రోజున ఆడ పేషెంట్ల సగటు బరువు అది. మగవాళ్లది 42.6 కిలోలు. పిల్లల లెక్క అనుకునేరు, అందరూ పెద్దవాళ్లే. మన ఇళ్లలో ఆరో తరగతి చదివే పిల్ల అటూ ఇటుగా అంతే తూగుతుంది.

2019 ఆగస్టులో అక్కడ నాలుగు జిల్లాల్లో మొదలైన ఆ ట్రయల్ పేరు ‘రేషన్స్’. మంగళూరు యెనెపోయ మెడికల్ కాలేజీ డాక్టర్లు అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ నడిపించారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వెనక నిలబడింది, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ చేయి కలిపింది. పరీక్షకు పెట్టింది కొత్త మందు కాదు, బియ్యం, పప్పు. 2,800 మంది పేషెంట్లందరికీ నెలకు 10 కిలోల సరుకుల బుట్ట ఇచ్చారు. అందులో బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఉండేవి, వాటికి తోడు విటమిన్ మాత్రలు. తేడా ఇంట్లోవాళ్ల దగ్గరే. సగం ప్రాంతాల్లో ఇంట్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు అందాయి. మిగతా సగంలో అందలేదు.

10,345 మంది కుటుంబ సభ్యులను 2022 జులై దాకా కనిపెట్టి ఉన్నారు. సరుకులు అందనివాళ్లలో 4,724 మందికి గాను 122 మందికి టీబీ వచ్చింది. అందినవాళ్లలో 5,621 మందికి 96 మందికే. రెండు వైపులా ఉన్న ఇతర తేడాలను కూడా సర్దిచూస్తే, అన్ని రకాల టీబీ కలిపి 39 శాతం తగ్గుదల. కఫంలో క్రిమి దొరికే ఊపిరితిత్తుల టీబీ, అంటే పక్కవాడికి అంటుకునే రకం, 48 శాతం తగ్గింది. 2023 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికల్లో ఇవి అచ్చయ్యాయి. ఒక టీకాకు ఈ అంకెలు వచ్చి ఉంటే టీవీల్లో వారం రోజులు అదే వార్త. బియ్యం కాబట్టి రెండు రోజుల్లో మర్చిపోయాం.

అసలు ఈ ప్రశ్న అడగడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? దానికి జవాబు కూడా చెన్నైలోనే ఉంది.

మందులు లేని రోజుల్లో క్షయకు వైద్యం అంటే మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానటోరియం నడిచింది ఆ నమ్మకం మీదే. ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చి నెలల తరబడి అక్కడే ఉండేవారు. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో ఒక ప్రయోగం మొదలైంది. 193 మంది పేద రోగులను చీటీ వేసినట్టు రెండుగా విడదీసి, కొందరిని శానటోరియంలో ఉంచారు, మిగతావాళ్లను ఇంటికే పంపారు. ఇద్దరికీ ఏడాది పాటు అవే మాత్రలు. ఇంటికి పోయినవాళ్లు ఇరుకు గదుల్లో ఉన్నారు, తిండి అంతంతమాత్రం, పని ఎక్కువ. అయినా వ్యాధి అదుపులోకి వచ్చినవాళ్లు శానటోరియంలో నూటికి 92 మంది అయితే, ఇంట్లో 86 మంది. 1959లో ఈ ఫలితం బయటికి రాగానే ప్రపంచమంతా శానటోరియంల అవసరం తీరిపోవడం మొదలైంది. మంచం దొరక్క చచ్చిపోయే రోగికి ఇంట్లోనే మందు దొరికింది. ఆ మేలును తక్కువ చేయలేం.

కానీ ఆ ఫలితాన్ని చదివిన తీరులో ఒక పొరపాటు దొర్లింది. ‘మందులు సరిగ్గా వేసుకుంటే, తిండి సరిగ్గా లేకపోయినా ఊపిరితిత్తులు కోలుకుంటాయి’ అని ప్రయోగం చెప్పింది. మనం మాత్రం ‘టీబీకి తిండితో పనిలేదు’ అని విన్నాం. శానటోరియంలో ఉన్నవాళ్లు బరువు బాగా ఎక్కువ పెరిగారన్న సంగతి కాగితంలోనే ఉండిపోయింది. అదే పళ్లెంలో తినే తమ్ముడికో, కోడలికో ఆకలి వల్ల జబ్బు తొందరగా వస్తుందా అన్నది ఆ ప్రయోగం అడిగిన ప్రశ్నే కాదు. మద్రాసులో ఆనాటి ఆ కేంద్రమే ఈనాటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ. ఆ సంస్థే అరవై ఏళ్ల తర్వాత తిండి ట్రయల్‌లో భాగం కావడం నాకు భలే ముచ్చటగా అనిపించింది.

రేషన్స్ మీద నాకూ రెండు సందేహాలు ఉన్నాయి. మొదటిది బరువు సంగతి. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లకు చావు ముప్పు 61 శాతం తక్కువ అని తేలింది. 36 కిలోల మనిషికి 5 శాతం అంటే 1.8 కిలోలు, అంతే. అయితే తిండి వల్ల బరువు పెరిగి బతికారా, బతికే స్థితిలో ఉన్నవాళ్లే బరువు పెరిగారా? పేషెంట్లందరికీ బుట్ట ఇచ్చారు కాబట్టి ఈ ట్రయల్ అది తేల్చలేదు. తేల్చాలంటే బక్కచిక్కిన రోగుల్లో సగం మందికి తిండి ఆపి చూడాలి. ఆ పని చేయనందుకు వాళ్లను తప్పుపట్టను. ఇక మందుకైతే ఉత్తుత్తి మాత్ర ఉంటుంది గానీ బియ్యం సంచికి ఉత్తుత్తి సంచి ఎక్కడిది? ఎవరికి ఏం అందుతోందో ఊరందరికీ తెలుసు.

రెండోది ఇంకాస్త ఇబ్బంది పెట్టేది. ఈ ఇళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు సంతాల్, హో, ముండా, ఉరావ్ లాంటి ఆదివాసీలవి. సరుకులు అందని సగం కుటుంబాలు కూడా పేదవే. పేషెంటుకు బుట్ట వచ్చింది నిజమే. కానీ ఆకలితో ఉన్న ఇంట్లో ఒకరి బుట్ట ఒకరికే పరిమితమవుతుందా? ఏ తల్లి పిల్లలకు పెట్టకుండా తాను తింటుంది? 2020 ఏప్రిల్ నుంచి కేంద్రం మనిషికి 5 కిలోల ఉచిత బియ్యం కూడా ఇచ్చింది. అంటే తేడా కనిపించడం ఇంకా కష్టం కావాలి. అయినా కనిపించింది. అందుకే ఆ 39 శాతం తక్కువ అంచనాయే అని నా లెక్క, అసలు మేలు అంతకన్నా ఎక్కువే అయ్యుండొచ్చు.

ప్రభుత్వం ఏం చేసింది? 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద పేషెంటుకు నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబర్ నుంచి వెయ్యి చేశారు. బరువు బాగా తక్కువున్నవాళ్లకు మొదటి రెండు నెలలు బలమైన ఆహారం కూడా ఇస్తామన్నారు. ఆ ‘మొదటి రెండు నెలలు’ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. వెయ్యి అంటే రోజుకు 33 రూపాయలు, నాలుగైదు గుడ్ల ఖరీదు. పైగా డబ్బు వేరు, సంచి వేరు. బ్యాంకులో పడ్డ డబ్బు ముందు షాపు బాకీకో, ఆటో చార్జీకో పోతుంది. ఇంటికొచ్చిన పప్పు పొయ్యి మీదికే వెళ్తుంది. ట్రయల్ పరీక్షించింది సంచిని, మన పథకం ఎక్కువగా ఇచ్చేది డబ్బు.

ఇంట్లోవాళ్ల సంగతి మరీ విచిత్రం. టీబీ రాకుండా వాళ్లకు వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునే మాత్రలు ప్రభుత్వమే ఇస్తోంది. 30 ఇళ్లకు సరుకులిస్తే ఒక టీబీ కేసు తప్పుతుందని లెక్క తేలాక కూడా ఆ ఇళ్లకు బుట్ట రావాలంటే నిక్షయ్ మిత్ర అనే దాతల పథకం కింద ఎవరో దాత ముందుకు రావాలి. మాత్ర హక్కుగా వస్తుంది, బియ్యం మాత్రం ఆ ఊళ్లో దాత దొరికితేనే.