"25 కాడ కొడితే 100 కాడ గూడ గదే": ఈ జీరో లెక్క ఎక్కడ తప్పుతుంది

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు షూటింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్ల ఫోన్లలో జీరో పెట్టడం గురించి, అంటే గురి చూసిన చోటే తూటా తగిలేలా సైట్లను సర్దడం గురించి, ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. దాని సారం ఇది: "కొత్త రైఫిల్ తయారై చేతికొచ్చిందా? ఏ బోరైనా సరే, 25 గజాల కాడ జీరో పెట్టుండ్రి. 25 కాడ కొడితే 100 కాడ గూడ గదే పాయింటుకు తగుల్తది. లేజర్ బోర్‌సైటర్ ఉంటే కాల్చే పని గూడ లేదు, లేకుంటే మూడు రౌండ్లు సాలు. తూటా ఏ కంపెనీదైనా ఒకటే. ఒక్కసారి పెడితే మళ్ల ముట్టుకునే పనే లేదు."

ఇందులో ప్రతి ముక్కకూ ఎక్కడో ఒక అసలు ఉంది. ఎన్‌సీసీలో .22 బోరు (గొట్టం లోపలి వెడల్పు దాదాపు 0.22 అంగుళం) డీలక్స్ రైఫిల్ పట్టినవాళ్లకు 25 గజాలు బాగా గుర్తుంటాయి. అమెరికా సైన్యంలోనూ ఎం16 రైఫిల్‌కు 25 మీటర్ల కాగితం మీదే జీరో పెట్టేవాళ్లు. కానీ ఆ పద్ధతి ఆ ఒక్క రైఫిల్ సైట్ల ఎత్తుకూ, ఆ ఒక్క తూటా వేగానికీ కట్టిన లెక్క. దాన్ని తెచ్చి ప్రతి రైఫిల్‌కూ తగిలించడం పక్కింటి కొలతలతో మన ఇంటి తలుపు చేయించుకోవడమే.

ముందు "తయారై" అన్న మాట సంగతి. ఆయుధ చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా రైఫిల్ తయారు చేయడం, మార్చడం, రిపేరు చేయడం నేరం. కాబట్టి ఇక్కడ కొత్త రైఫిల్ అంటే లైసెన్సు మీద కొన్నది, లేదా లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర బ్యారెల్ (తూటా పోయే గొట్టం), స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం), స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించి వచ్చినది. ఆయుధ నియమాలు 2016 ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కు మాత్రం లైసెన్సు అక్కర్లేదు. ఇక అసలు విషయం.

"25 కాడ కొడితే 100 కాడ గూడ గదే." మెసేజ్‌కు గుండెకాయ ఇదే, పెద్ద తప్పూ ఇదే. స్కోప్ బ్యారెల్ మీద కూర్చుంటుంది. కంటి చూపు తిన్నగా పోతుంది, తూటా ఆ చూపుకు కింద నుంచి బయల్దేరి, కొంచెం పైకి లేచి, వంగుతూ దిగుతుంది. ఆ వంపు చూపు గీతను రెండు చోట్ల దాటుతుంది. మొదటిది దగ్గర, రెండోది దూరం. 25లో జీరో పెట్టడమంటే సాధారణంగా ఆ మొదటి దాటును పట్టుకోవడం. రెండోది ఎక్కడ పడుతుందో రెండు సంగతులు తేలుస్తాయి: స్కోప్ ఎంత ఎత్తులో ఉంది, తూటా ఎంత వేగంగా పోతోంది.

లెక్క కట్టి చూద్దాం. స్కోప్ మధ్య గీత బ్యారెల్ మధ్య గీతకు 4 సెం.మీ. పైన ఉందనుకోండి. .30-06 అనే పెద్ద రైఫిల్ తూటాలో 150 గ్రెయిన్ల (సుమారు 9.7 గ్రాముల) గుండు సుమారు 880 మీ/సె వేగంతో బయల్దేరుతుంది. 25 మీటర్ల దగ్గర జీరో పెడితే 100 దగ్గర దాదాపు 7 సెం.మీ. పైన తగులుతుంది. మళ్లీ చూపు గీతను కలిసేది 200 మీటర్లు దాటాకే. అదే రైఫిల్‌ను 50 మీటర్ల దగ్గర జీరో పెడితే 100 దగ్గర తేడా అర సెంటీమీటరు మించదు. అంటే పొట్టి రేంజ్ తప్ప దిక్కు లేకపోతే ఆ రైఫిల్‌కు నప్పే అంకె 50, 25 కాదు.

.22 తూటాది వేరే కథ. స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) రకం, 330 మీ/సె, స్కోప్ ఎత్తు అదే 4 సెం.మీ. అనుకుందాం. 25లో జీరో పెడితే 50 దగ్గర 2 సెం.మీ.కు పైగా కింద, 100 దగ్గర పావు మీటరుకు పైగా కింద! అంటే తూటా 25 తర్వాత చూపు గీతకు పైకి దాదాపు లేవడమే లేదు. 50లో పెడితే 25 దగ్గర ఒక సెంటీమీటరు పైన, 100 దగ్గర 23 సెం.మీ. కింద. 50 మీటర్ల పోటీ రైఫిల్‌కు ఇంకో ఆలోచన అక్కర్లేదు, 50లోనే పెట్టాలి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. స్కోప్ లేకుండా, బ్యారెల్‌కు 2 సెం.మీ. ఎత్తులో ఓపెన్ సైట్లు ఉన్న అదే .30-06కు 25 జీరో 100 దగ్గర ఒక సెంటీమీటరు లోపే తేడా ఇస్తుంది. బహుశా మెసేజ్ పుట్టింది అలాంటి రైఫిల్ పట్టుకున్నవాళ్ల దగ్గరే. స్కోప్ బిగించిన రోజు ఆ మాట చెల్లకుండా పోయింది.

కాబట్టి మీ ఎత్తు మీరే కొలవండి. బోల్ట్ రైఫిల్ అయితే, ఖాళీ చేసి, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) పైభాగం నుంచి స్కోప్ గొట్టం అడుగు వరకు ఉన్న సందు కొలవాలి. దానికి బోల్ట్ మందంలో సగం, గొట్టం మందంలో సగం (25.4 మి.మీ. లేదా 30 మి.మీ.లో సగం) కలిపితే ఎత్తు వస్తుంది.

25లో పెట్టి వదిలేయడంలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ గ్రూపు (ఒకే గురికి వరసగా కాల్చిన గుళ్ల గుంపు) నడిమధ్యను 5 మి.మీ. తప్పుగా చదివితే 100 దగ్గర అది 2 సెం.మీ. అవుతుంది. స్కోప్ గురిని జరిపే మరలో ఒక మెట్టు, అంటే పావు మినిట్ క్లిక్ (మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), 25 మీటర్ల దగ్గర సుమారు 1.8 మి.మీ., 50 దగ్గర 3.6, 100 దగ్గర 7.3. 25లో ఒకటి రెండు క్లిక్కుల తేడా .22 రంధ్రం మందంలోనే కలిసిపోతుంది. పైగా 100 గజాలకు పారలాక్స్ (కన్ను పక్కకు జరిగితే గురి కూడా జరగడం) సరిచేసిన స్కోప్‌లో, 40 మి.మీ. ముందు అద్దం ఉంటే, 25 మీటర్ల దగ్గర కన్ను ఒక పక్కకు పూర్తిగా జరిగితే గురి ఒక సెంటీమీటరుకు పైగా తప్పుతుంది. గొప్ప గొప్ప "25 జీరోలు" చాలావరకు చెంప ఆనించిన తీరును కొలిచినవే.

ఎయిర్ రైఫిల్ వాళ్లకు వేరుగా చెప్పాలి. 10 మీటర్ల పోటీకి 10 మీటర్లే, వాదన లేదు. స్కోప్ ఉన్న స్ప్రింగ్ రైఫిల్, 240 మీ/సె దగ్గర పెల్లెట్, 4.5 సెం.మీ. ఎత్తు అనుకుంటే 25 మీటర్ల జీరో నిజంగానే మంచిది: 15 నుంచి 30 వరకు తేడా సుమారు ఒక సెంటీమీటరు లోపే ఉంటుంది. కానీ 40లో 5 సెం.మీ., 50లో 12 సెం.మీ. కిందికి పోతుంది. స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టి దిమ్మె మీద ఆనించి జీరో పెడితే చేతిలో పట్టుకున్నప్పుడు వేరేచోట తగులుతుంది. ముందు భాగం అరచేతిలో, ఆ చెయ్యి సంచి మీద ఉండాలి. దీని దెబ్బ ముందుకూ వెనక్కూ రెండు వైపులా ఉంటుంది కాబట్టి మామూలు స్కోప్ పాడవుతుంది, దాన్ని పట్టే మౌంట్ జరుగుతుంది. స్టాప్ పిన్ (జారకుండా ఆపే పిన్ను) ఉన్న మౌంట్ తప్పనిసరి.

"లేజర్ ఉంటే కాల్చే పని లేదు." లేజర్ బ్యారెల్ ఎటు చూస్తోందో చెబుతుంది, తూటా ఎక్కడ దిగుతుందో చెప్పదు. బ్యారెల్ అదురు, తూటా వేగం దానికి తెలియవు. కాగితం మీద మొదటి గుండు పడేలా చేయడమే దాని పని. బోల్ట్ తీసి బ్యారెల్‌లోంచి 25 మీటర్ల చుక్కను చూసినా ఆ పని అవుతుంది, ఖర్చు లేదు. 25 మీటర్లు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే, మొదలుపెట్టడానికి.

"మూడు రౌండ్లు సాలు." మూడు గుళ్ల నడిమధ్య కన్నా పది గుళ్ల నడిమధ్య దాదాపు రెండింతలు నమ్మదగింది. దగ్గరదగ్గరగా పడ్డ మూడు గుళ్లను చూసి క్లిక్ తిప్పితే, తర్వాతి మూడు ఇంకో పక్కకు పోతాయి. రోజంతా స్కోప్ తిప్పుతూ కూర్చోవడానికి కారణం ఇదే. ముందు స్క్రూలు చూడండి. స్కోప్‌ను పట్టే రింగుల పై స్క్రూలను నూనె తుడిచి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, సుమారు 2 న్యూటన్ మీటర్ల వరకు. తయారీదారు అంకె ఇస్తే అదే పాటించాలి. బ్యారెల్ ఫ్రీ ఫ్లోట్ అన్నారా, స్టాక్‌కూ దానికీ మధ్య కాగితం జారాలి. తర్వాత 25లో మూడు గుళ్లతో కాగితం మీదికి తెచ్చి, అసలు దూరానికి జరిగి, ఐదేసి గుళ్ల రెండు గ్రూపులు వేసి, ఆ పదింటి నడిమధ్యను చూసి క్లిక్ తిప్పండి. ఇంకో ఐదుతో ఖరారు చేసుకోండి. .22 అయితే శుభ్రం చేసిన వెంటనే ఐదు నుంచి పది గుళ్లు లెక్కలోకి తీసుకోవద్దు, బ్యారెల్‌కు తూటా మీది మైనం పట్టాలి.

"తూటా ఏదైనా ఒకటే." 330 మీ/సె తూటాకూ 375 మీ/సె తూటాకూ 50 మీటర్ల దగ్గర కిందికి దిగడంలోనే 2 సెం.మీ. తేడా. బ్యారెల్ అదురు మారి పక్కకు జరగడం అదనం, అది లెక్కకు దొరకదు. డబ్బా మీద ఉన్న లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు) రాసుకోండి.

"ఒక్కసారి పెడితే ముట్టుకునే పనే లేదు." మన ఎండలకు ఈ మాట అస్సలు నిలబడదు. మేలో నల్లగొండ మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు, సంక్రాంతి పొద్దున 15 దరిదాపు. మందు వేడెక్కితే తూటా వేగం పెరుగుతుంది. కారు డాష్‌బోర్డు మీద పెట్టిన డబ్బాతో జీరో పెట్టొద్దు. తొమ్మిది దాటాక నేల మీది వేడి గాలి స్కోప్‌లో నీళ్లలా కదిలి చుక్కనే జరిపి చూపిస్తుంది కాబట్టి పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు పని ముగించాలి. ఆషాఢం గాలిలో .22కు అడ్డం క్లిక్కులు తిప్పకండి, గాలి ఆగిన రోజు అదే తప్పు అవుతుంది. స్కోప్ తీసి బిగించినా, రైఫిల్ కింద పడినా, స్టాక్ స్క్రూలు విప్పినా, తూటా లాట్ మారినా ఐదు గుళ్లతో మళ్లీ చూడాలి.

ఇవన్నీ చేయాల్సింది లైసెన్సున్న రేంజ్‌లోనే. పొలం గట్టున, గుట్టకు ఎదురుగా పెట్టి కాల్చుకుంటామనేవాళ్లు ఇక్కడి గుట్టలు మట్టివి కావని, నల్లరాయివని మర్చిపోతున్నారు. రాయికి తగిలిన గుండు ఏ పక్కకు తిరుగుతుందో చెప్పలేం, .22 గుండు కూడా కిలోమీటరు దాటి పోగలదు.