బావగారి గాలి సిద్ధాంతం

నరసాపురం రేవులో పంటు ఎక్కేవరకు మా బావగారు బాగానే ఉన్నారు. అంతర్వేదిలో పెళ్ళి, నా భుజాన కొత్త జరీ కండువా, వశిష్ఠ గోదావరి మీద ఎదురుగాలి. ఇన్ని కలిసివచ్చాక భౌతికశాస్త్రం చెప్పే మనిషి ఊరుకుంటాడా! విమానం రెక్క ఎలా లేస్తుందో చూపిస్తానంటూ నా కండువా ముందు కొసలు రెండూ నాకే ఇచ్చి, వెనుక కొసలు తాను పట్టుకొని పాఠం మొదలుపెట్టారు.

రెక్క పైభాగం వంపుగా ఉంటుంది గనుక పై గాలికి దూరం ఎక్కువట. చివర కింది గాలిని కలుసుకోవాలి గనుక అది పరుగెడుతుందట. ముందు అంచున విడిపోయిన గాలులు వెనుక అంచున కలిసి తీరాలన్న ఒప్పందం ఎవరు రాయించారో ఆయనా చెప్పలేదు, ఏటా అచ్చవుతున్న ఆయన గైడు పుస్తకమూ చెప్పదు. 1738లో ద్రవాల ప్రవాహం మీద పుస్తకం వేసిన శాస్త్రవేత్త బెర్నౌలీ సైతం వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందన్నాడే గాని, గాలికి ఇటువంటి ముహూర్తం పెట్టలేదు. నిజానికి పై గాలి కింది గాలికంటే ముందే దాటిపోతుంది. ఎవరి కోసమూ ఆగదు.

ఇంతలో కండువాయే ఆయనకు ఎదురు సాక్ష్యం చెప్పసాగింది. ఒంటిపొర బట్టకు పైదూరం, కిందిదూరం అంటూ వేరుగా ఉండవు; నావ తెరచాపకూ అంతే. అయినా నేను ముందు అంచును కాస్త ఎత్తి పట్టగానే అది పైకి ఉబ్బి, వంపు వెంట వచ్చిన గాలిని కిందికి మళ్ళిస్తూ, ఆ మళ్ళింపుకు బదులుగా నా చేతులను పైకి లాగింది. జరీ అంచు బుర్రుమంటోంది, నా మునివేళ్ళు తెల్లబడుతున్నాయి, పక్కనున్న మోటారుసైకిలు కుర్రాడు ఫోను తీశాడు. "వదలకండి బావగారూ!" అని నేను అరుస్తుండగానే ఆయన, "అదిగో, పై గాలి తొందర చూశావటోయ్!" అంటూ చూపుడువేలు ఎత్తారు. వేలు ఎత్తాలంటే కొస వదలాలి గదా. కొస విడిపోయిన బట్టకు రెక్క లక్షణం పోయి జెండా లక్షణం వచ్చింది. అది టపటపా కొట్టుకొని, నా చేతుల్లోంచి జారి, వెనుకనున్న ఎండుచేపల గంపను నిండుగా కప్పింది.

"నా సరుక్కి అత్తరు వాసన పట్టించారు, ఇంకెవరు కొంటారండీ?" అని గంప యజమానురాలు నిలదీసింది.

పెళ్ళి పందిట్లో నాకు రెండు పక్కలా కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. ముందు వరుసలో బావగారు పెళ్ళికొడుకు మేనమామకు అదే పాఠం చెబుతున్నారు, తన కండువాను మాత్రం మడిచి చంకలో భద్రంగా పెట్టుకొని.