వంట సోడా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వంట సోడా గారికి,

నల్లగొండ నుంచి, అక్షరాలా పొట్ట చేతపట్టుకుని రాస్తున్న విన్నపం.

మొన్న చుట్టాల ఫంక్షన్‌లో బొబ్బెర్ల గుడాలు (ఉడకబెట్టి తాలింపేసిన గింజలు) తిన్నాను. పళ్లకు పని లేనంత మెత్తగా ఉన్నాయి. అదేమిటని అడిగితే వంట మాస్టర్ "పొద్దుగాలనే నానపోసినం సార్, జర సోడా ఏసినం" అని మీ ఘనత చాటాడు. ఆ "జర" అంటే ఎంతో సాయంత్రానికి నా పొట్టే చెప్పింది.

మీ గొప్ప కాదనను. మా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండి. అవి గింజను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురును పట్టుకుని ఓ పట్టాన ఉడకనివ్వవు. అప్పుడు ఆపద్బాంధవుడిలా మీరొచ్చి పెక్టిన్‌ను కరిగిస్తారు. గింజ మెత్తబడుతుంది, పేరు మీకొస్తుంది. మధ్యలో బి1 విటమిన్ హరీమంటుంది, ఆ లెక్క ఎవరూ అడగరు.

అసలు గొడవ వేరు. ఉబ్బరం తెచ్చేది గింజలోని రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలు. వాటిని అరిగించే ఎంజైమ్ మన చిన్నపేగుకు లేదు. అవి అట్లాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియాకు విందు, మనకు బాజాలు. రాత్రంతా నానబెట్టి నీళ్లు పారబోస్తే కొంతవరకు వదులుతాయి. మీరేమో ఉన్నవన్నీ గంజులోనే ఉంచి మెత్తగా వడ్డిస్తారు. (నానేటప్పుడే చిటికెడు వేసి ఆ నీళ్లు ఒంపేస్తే మీరూ మంచివారే. అంత ఓపిక ఉన్నవాళ్లు మిమ్మల్నెందుకు పిలుస్తారు?)

మా నాయనమ్మ ఉలవలు రాత్రే నానపోసేది. తెల్లారేసరికి పొట్టు ముడతలు పోయి గింజ నిండుగా ఉబ్బేది, నీళ్లు చాయ్ రంగుకు తిరిగి పైన సన్నటి బుడగలు కట్టేవి. ఆ నీళ్లు బర్రె కుడితిలోకి. గింజలు బాగా కడిగి పొయ్యి మీద పెట్టి, పొంగిన నురగ గరిటెతో తీసేసేది. తాలింపులో ఎల్లిగడ్డ, జీలకర్ర, వాము. మొలకలు కావాలంటే తడిగుడ్డలో మూటకట్టి ఇంకో రోజు ఉంచేది. మొలకెత్తే గింజ ఆ చక్కెరల్ని తానే వాడేసుకుంటుంది, ఇనుమును అడ్డుకునే ఫైటిక్ ఆమ్లం తగ్గి అది బాగా ఒంటబడుతుంది. "రేపటి కూర రాత్రే యాదికుండాలె" అనేది ముసలామె.

ఇప్పుడు రాత్రి పదింటికి మాకు ఫోన్ ఛార్జింగ్ యాదికుంటుంది, శనగలు ఉండవు. ఆ మతిమరుపు మీద మీరు మేడలు కట్టారు.

ఈమధ్య రాజ్మాతోనూ దోస్తీ చేస్తున్నారట. దాంతో నవ్వులాటలొద్దు. సరిగా ఉడకకపోతే అందులోని లెక్టిన్ అనే విషం వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది. కనీసం 5 గంటలు నానాలి, ఆ నీళ్లు పారబోయాలి, కొత్త నీళ్లలో తక్కువలో తక్కువ 10 నిమిషాలు కుతకుత ఉడకాలి. మెత్తబడినంత మాత్రాన ఉడికినట్టు కాదని మీ అభిమానులకు మీరే చెప్పండి, మా మాట వినరు.

మిర్చి బజ్జీల పిండిలో మీ కుర్చీ మీదే, దానికి ఎవరూ పోటీ రారు. గుడాల జోలికి మాత్రం రాకండి.

ఇట్లు,
రాత్రంతా వాము నమిలిన బాధితుడు
నల్లగొండ