రిగ్గు భద్రత ముక్కలుగా ఉన్నంతకాలం ముప్పు తప్పదు

సముద్రంలో చమురు తవ్వే రిగ్గుల మీద నియమాలకు కొరత లేదు. ఒక పని సంగతి పక్క పని చేసేవాళ్లకు తెలియకపోవడమే ప్రాణాలు తీస్తోంది.

1988 జులై 6న ఉత్తర సముద్రంలోని బ్రిటన్ చమురు ప్లాట్‌ఫాం పైపర్ ఆల్ఫాలో ఒక పంపు మరమ్మతుకు ఒక పర్మిట్ (పని అనుమతి పత్రం), దాని సేఫ్టీ వాల్వ్ విప్పడానికి ఇంకో పర్మిట్ ఇచ్చారు. వాల్వ్ విప్పిన పగటి షిఫ్టు వాళ్లు ఆ చోట ఒక పలక బిగించి వెళ్లిపోయారు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నవాళ్లకు మరమ్మతు గురించి తెలుసు, వాల్వ్ లేదని తెలియదు. మరమ్మతులో ఉన్న ఆ మొదటి పంపు ఆన్ చేశారు. పలక దగ్గర గ్యాస్ లీకై పేలింది. ఆ రాత్రి 167 మంది చనిపోయారు. అక్కడ మంటలు లేచాక కూడా పక్క ప్లాట్‌ఫాంలు చమురు, గ్యాస్ పంపుతూనే ఉన్నాయి!

2010 ఏప్రిల్ 20న అమెరికా దగ్గరి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గులోనూ ఇదే జబ్బు. బావిలోకి వెళ్లిన మడ్ (ఒత్తిడిని అదుపులో ఉంచే బరువైన బురద ద్రవం) ఎంత, తిరిగొచ్చింది ఎంత అన్న లెక్కే గ్యాస్ తోసుకొస్తోందని ముందుగా చెబుతుంది. ఆ రోజు మడ్‌ను పక్క ఓడకు తోడడం, ట్యాంకులు మార్చడం కలగలిసి ఆ లెక్క గజిబిజి అయింది. బావి ప్రెషర్ టెస్టులో తేడా కనిపించినా పాసైనట్టే తీసుకున్నారు. గ్యాస్ పైకి తన్నుకొచ్చి పేలడంతో 11 మంది బలయ్యారు.

అందుకే పర్మిట్లు, షిఫ్టు అప్పగింత, బావి పర్యవేక్షణ, ఓడల రాకపోకలు అన్నీ ఒకే బోర్డు మీద, ఒకే అధికారి చేతిలో ఉండాలి. 2005 జులై 27న ముంబై తీరానికి ఎదురుగా సముద్రంలోని ముంబై హై నార్త్ ప్లాట్‌ఫాం మీద, గాయపడిన తన వంటమనిషిని దింపడానికి వచ్చిన ఓడ గ్యాస్ పైపులను ఢీకొనడంతో మంటలు లేచాయి. 22 మంది పోయారు. ఓడను దగ్గరికి రమ్మనే నిర్ణయాన్నీ, పైపుల రక్షణనూ కలిపి చూడాల్సిన చోట అది.

ఇప్పటికే కాగితాలు ఎక్కువయ్యాయని, రిగ్గు ఒక్కరోజు ఆగినా భారీ నష్టమని కంపెనీలు అంటాయి. విడివిడి ఫారాలను ఒక్కటి చేస్తే కాగితం తగ్గుతుంది కదా!

అసలు గొడవ పైస్థాయిలో ఉంది. పైపర్ ఆల్ఫాపై విచారణ జరిపిన జడ్జి లార్డ్ కలెన్ నివేదిక 1990లో వచ్చాక, బ్రిటన్ భద్రత బాధ్యతను ఇంధన శాఖ నుంచి తీసేసి కార్మిక భద్రతా సంస్థకు అప్పగించింది. మన ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ ఇప్పటికీ పెట్రోలియం శాఖ కిందే ఉంది. ఉత్పత్తి పెంచాలని ఒత్తిడి చేసే శాఖే పని ఆపమని ఎలా చెప్పగలదు? కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలోని ఓఎన్‌జీసీ 98/2 చమురు బ్లాకులో 2024 జనవరిలో ఉత్పత్తి మొదలైంది. అక్కడ పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు ప్రమాదం కనిపిస్తే ఉద్యోగం పోతుందన్న టెన్షన్ లేకుండా పని ఆపగలగాలి. అతని వెనుక నిలబడే డైరెక్టరేట్‌ను ఆ శాఖ నుంచి విడదీసి, చట్టబద్ధ అధికారాలు పెంచి, నేరుగా పార్లమెంటుకు జవాబుదారీ చేయాలి.