చివర చేర్చే రెండు పేరాలు చాలవు
మేనేజ్‌మెంట్ పరిశోధన వ్యాసం చివర ‘నిర్వాహకులకు సూచనలు’ అంటూ రెండు పేరాలు చేరిస్తే అది పండితులకూ, సంస్థలను నడిపేవారికీ సమానంగా పనికొస్తుందని, ఇలాంటి వ్యాసాల రచన గురించి రాసిన ఒక వ్యాసకర్త అన్న మాటతో నేను ఏకీభవించలేను. సమస్యను ఎంచుకున్న నాడే పరిశోధకుడి మనసులో మేనేజరు లేకపోతే, ముగింపులో ఆయనకు చెప్పడానికి ‘నాయకులు ఉద్యోగుల మాట వినాలి’ వంటి అందరికీ తెలిసిన మాటలు తప్ప మరేమీ మిగలవు. పరిశోధకులకూ, మేనేజర్లకూ మధ్య ఈ దూరం కొత్తది కాదు. 1993లో మేనేజ్‌మెంట్ పరిశోధకుల సంఘమైన అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ అధ్యక్షోపన్యాసంలోనే డొనాల్డ్ హాంబ్రిక్, పరిశోధకులు తమలో తాము చదువుకోవడానికే రాసుకుంటున్నారని హెచ్చరించారు. నేను ఒక సంస్థలో విభాగాధిపతిగా పనిచేసిన రోజుల్లో ఇలాంటి వ్యాసం తెరిస్తే మొదట వెతికినవి రెండే: కనిపించిన ప్రభావం ఎంత పెద్దది, అది ఎలాంటి సంస్థలో కనిపించింది. తరచుగా దొరికింది మాత్రం పి-విలువ (నిజంగా ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) 0.05 కంటే తక్కువన్న సమాచారమే. నమూనా తగినంత పెద్దదైతే అతి స్వల్పమైన తేడా కూడా ఆ గీత దాటుతుంది కాబట్టి, దాన్ని నమ్ముకుని వేతన విధానాన్నో, బృందాల అమరికనో మార్చడానికి ఏ మేనేజరూ సాహసించడు, సాహసించకూడదు కూడా. ప్రభావ పరిమాణాన్ని మామూలు కొలతల్లో, అంటే ఈ మార్పు వల్ల ప్రతి వందమందిలో ఎంతమంది ఉద్యోగం వదలకుండా ఉంటారన్నట్టుగా, ఫలితాల విభాగంలోనే రాస్తే సిద్ధాంతానికి ఏ లోటూ రాదు. నిజానికి ప్రచురణకు ముందు వ్యాసాన్ని పరిశీలించే సమీక్షకులకు కూడా ఆ వాక్యమే ఎక్కువ ఉపయోగపడుతుంది.