మారిన వరుస ఏదో చూపించండి

కాజీపేటలో రైల్వే ఉద్యోగుల దగ్గరుండే నిబంధనల పుస్తకాల్లో మధ్యమధ్య అతికించిన చీటీలు కనిపిస్తాయి. కరెక్షన్ స్లిప్పులంటారు వాటిని. నిబంధన మారితే ఏ పేరాకు బదులు ఏది చదవాలో ఆ చీటీ చెబుతుంది. పుస్తకం ఉబ్బిపోతుంది, అంచులు నలుగుతాయి. అయినా నిన్నటి మాట ఏదో, నేటి మాట ఏదో ఉద్యోగికి స్పష్టంగా తెలుస్తుంది.

పీడీఎఫ్‌లు వచ్చాక ఈ స్పష్టత కరువైంది. టెండరు షరతులైనా, పంటల సలహాలైనా, పరీక్షల సిలబస్ అయినా సవరించగానే పాత ఫైలు తీసేసి అదే పేరుతో కొత్తది పెట్టే అలవాటు మన కార్యాలయాల్లో పాతుకుపోయింది. మొదటి పేజీలో ‘సవరించిన ప్రతి’ అన్న మాట తప్ప మరో ఆనవాలుండదు. అరవై పేజీల్లో మారింది ఒక్క వరుసే కావచ్చు. దాన్ని పట్టుకోవడానికి హన్మకొండలోని చిన్న కాంట్రాక్టరు రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టుకుని వేలితో వరుస వరుసా చూసుకోవాలి. పాత ప్రతి దాచుకోనివారికి ఆ దారి కూడా లేదు.

నిజానికి దిద్దుబాట్లను గుర్తుపెట్టే ట్రాక్ చేంజెస్ సదుపాయం వాడితే, ఆ మార్పు రాసినవారి కంప్యూటర్‌లో రంగు మారి కనిపిస్తూనే ఉంటుంది. ప్రచురించే ముందు అన్నిటినీ ఒప్పుకున్నట్టు ఒక్క మీట నొక్కి గుర్తులు చెరిపేస్తారు. చిత్తుప్రతి మీద అధికారుల మధ్య నడిచిన తర్జనభర్జనలు బయట పెట్టాలని మేము అడగడం లేదు. కిందటిసారి ప్రచురించిన ప్రతికీ ఈసారి ప్రచురించిన ప్రతికీ తేడా ఏమిటన్నది మాత్రం చదివేవారికి దక్కాల్సిందే.

ఇదేమీ కొత్త కోరిక కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, దస్తావేజులో కొట్టివేతలు, వరుసల మధ్య చేర్పులు ఉండి వాటి దగ్గర రాసిచ్చినవారి సంతకమో పొడి సంతకమో లేకపోతే రిజిస్ట్రారు దాన్ని తిరస్కరించవచ్చు. మన రాజ్యాంగ పీఠికనే చూడండి. ‘సామ్యవాద, లౌకిక’ అన్న మాటలు 42వ సవరణతో చేరాయనీ, 1977 జనవరి 3 నుంచి అమల్లోకి వచ్చాయనీ, అంతకుముందు అక్కడ ఏముండేదో కూడా అధికారిక ముద్రణలో అదే పేజీ అడుగున ఉంటుంది. దేశానికే మూలమైన పత్రం తన మార్పును దాచుకోనప్పుడు టెండరు నోటీసుకు అడ్డేమిటి?

ఎలా చూపాలన్నదీ తేలని సంగతి కాదు. విమానాల మాన్యువళ్లలో మారిన వరుస పక్కన మార్జిన్‌లో నిలువు గీత వేస్తారు. ఏ పేజీ ఏ తేదీదో చెప్పే పట్టిక మొదట్లో ఉంటుంది. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్ కొన్ని ప్రమాణాలకు మామూలు ప్రతితోపాటు మార్పులు గుర్తుపెట్టిన రెడ్‌లైన్ ప్రతినీ అందిస్తోంది. ఈ జంట ప్రతుల పద్ధతే మాకు నచ్చింది. పని చేసుకునేవారికి శుభ్రమైన ప్రతి, సరిచూసుకునేవారికి గుర్తులున్న ప్రతి. ఒక్క రంగును మాత్రం నమ్ముకోవద్దు. నలుపు తెలుపు జిరాక్స్‌లో ఎరుపు, నీలం ఒకటే. రంగులు పోల్చలేనివారికి తెరమీదా అంతే. వెబ్ పేజీల్లో చేర్పుకూ తొలగింపుకూ వేరువేరు ట్యాగులున్నాయి, కానీ చూపులేనివారికి తెరమీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు చాలావరకు మామూలు సెట్టింగుల్లో వాటిని చదివి చెప్పవు. అందుకే మార్పుల జాబితా మాటల్లో కూడా ఉండాలి.

తెలుగు పత్రాలకు మరో చిక్కుంది. చేర్పు కింద గీత గీయడం ఇంగ్లిష్ లిపికి నప్పుతుంది. ‘ఒత్తిడి’, ‘యంత్రం’ వంటి మాటల్లో ఒత్తులు ఆ గీతలోనే కూరుకుపోతాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది గుణింతాలది. రైతుల కరపత్రంలో ‘నారు పోసేముందు’ అని ఉండాల్సిన చోట ‘నీరు పోసేముందు’ అని పడిందనుకుందాం. మారాల్సింది ఒక్క గుర్తు. ఆ గుర్తునొక్కదాన్నే కొట్టి పక్కన ఇంకోటి చేరిస్తే అక్షరం చీలిపోయి, అక్షరం లేని గుణింతానికి కంప్యూటర్ చూపే చుక్కల వలయానికి అది అతుక్కుని కనిపించవచ్చు. ములుగు దగ్గరి రైతు దాన్ని ఏమని చదువుకోవాలి? తెలుగులో పదం మొత్తం కొట్టి, పదం మొత్తం తిరిగి రాయాలి. పక్కన మార్జిన్‌లో నిలువు గీత పెట్టాలి. అది ఒత్తులకు అడ్డం రాదు, జిరాక్స్‌లోనూ నిలుస్తుంది.

మా వెబ్ ఎడిషన్‌లోనూ వార్త సవరించినప్పుడు పాత మాటను కొట్టివేతతో, తేదీతో సహా అక్కడే ఉంచుతాం. జిల్లా కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు రెడ్‌లైన్ ప్రతులు సిద్ధం చేయడానికి కొంత సమయం పట్టవచ్చు. ఈలోగా పాత ఫైలును తీసేయకుండా, దాని తేదీతో కొత్తదాని పక్కనే ఉంచడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.