ధరకు పూచీ ఎవరిది? ఓస్కర్ లాంగే చుట్టూ తెగని పేచీ

సోషలిస్టు రాజ్యం వస్తే కేంద్ర ప్రణాళికా మండలి పెద్ద హాల్లో సోషలిజాన్ని వ్యతిరేకించిన ఆస్ట్రియా ఆర్థికవేత్త లుడ్విగ్ ఫాన్ మీజెస్ విగ్రహం పెట్టించాలని పోలండ్ ఆర్థికవేత్త ఓస్కర్ లాంగే 1936లో రాశాడు. అది వ్యంగ్యమే, కానీ పూర్తిగా వ్యంగ్యం కాదు. యంత్రాలు, భూమి, ముడిసరుకు అన్నీ ప్రభుత్వానివైతే వాటికి మార్కెట్ ఉండదు, మార్కెట్ లేనిదే ధర పుట్టదు, ధర లేనిదే ఏ పద్ధతి చవకో తేలదు అని మీజెస్ 1920లోనే వాదించాడు. ఆయన కదపకపోతే సోషలిస్టులు ఈ లెక్కల జోలికే వచ్చేవారు కాదని లాంగే ఎత్తిపొడుపు. ఆ వాదనకు జవాబుగా, మండలే ధరలు ప్రకటించి సవరించుకుంటూ పోవచ్చని లాంగే ఒక నమూనా ఇచ్చాడు.

ఇవాళ లాంగేను తిట్టేవాళ్లు స్టాలిన్ పేరు ఎత్తుతారు, మెచ్చేవాళ్లు సమీకరణాలు చూపిస్తారు. ఇద్దరూ అసలు చోటును దాటేస్తున్నారు. లాంగే నమూనాకు బీట పడింది గణితంలో కాదు. ధర ప్రకటించే ఆఫీసులో, ఆ ధర అందుకునే మేనేజర్ గదిలో.

ఆ పథకంలో జనం ఇష్టమైన ఉద్యోగం చేసుకుంటారు, జీతంతో ఇష్టమైనవి కొనుక్కుంటారు. యంత్రాలు, ముడిసరుకుల ధరలు మాత్రం మండలి చెబుతుంది. మొదటి ధర ఎంత పెట్టినా ఫరవాలేదు, పాత ధరతోనే మొదలుపెట్టొచ్చు. మేనేజర్లకు రెండే ఆజ్ఞలు. ప్రకటించిన ధరల దగ్గర సగటు ఖర్చు అతి తక్కువయ్యే పద్ధతి ఎంచుకోవాలి. చివరి యూనిట్‌కు అదనంగా అయ్యే ఖర్చు ధరతో సమానమయ్యేదాకా ఉత్పత్తి పెంచాలి. లెక్కల గడువు ముగిశాక సరుకు మిగిలితే ధర దించాలి, చాలకపోతే పెంచాలి. ఫ్రెంచ్ ఆర్థికవేత్త వాల్రాస్ సిద్ధాంతంలో ధర పెంచుతూ దించుతూ సరైనదాన్ని తడుముకునే వేలంపాటగాడి పనినే ఇక్కడ మండలి చేస్తుంది.

ఊహకు ఒక లెక్క వేద్దాం. బొగ్గు టన్ను 50 జ్లోటీలని (పోలండ్ కరెన్సీ) మండలి ప్రకటించింది. ఫ్యాక్టరీలు 1,000 టన్నులు అడిగాయి, గనులు 900 ఇచ్చాయి. ధర 55కి పెంచితే లోతు పొరల తవ్వకం గిట్టుబాటై మరో 60 టన్నులు వచ్చాయి, వాడేవాళ్లు 40 తగ్గించుకున్నారు. రెండు వైపులా 960. కాగితం మీద సరిపోయింది.

ఇదే లెక్కను గని మేనేజర్ కుర్చీలోంచి చూస్తే వేరేలా ఉంటుంది. చివరి టన్ను ఖర్చు అనేది ఏ లెడ్జర్‌లోనూ ఉండదు. ఆడిటర్‌కు దొరికేది మొత్తం ఖర్చు. ఇంకో టన్ను తవ్వి ఉంటే ఎంతయ్యేదన్నది మేనేజర్ అంచనా మాత్రమే. దాన్ని కాస్త ఎక్కువ చేసి రాస్తే తక్కువ తవ్వినా నిబంధన పాటించినట్టే. కొరత కనబడుతుంది, మండలి ధర పెంచుతుంది, గనికి హాయి. అవతల ఫ్యాక్టరీ వచ్చే గడువులో ధర పెరుగుతుందని పసిగట్టి అవసరానికి మించి ఆర్డర్ పెడుతుంది. అంటే మండలికి చేరిన 1,000 టన్నుల గిరాకీలో ఎంత వాడకానికో, ఎంత దాచుకోవడానికో తెలియదు. నష్టం వస్తే మేనేజర్ సొంత డబ్బు పోదు. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నై ప్రభుత్వ సంస్థల నష్టాలను ఖజానా పూడ్చే అలవాటు మీద దశాబ్దాల తర్వాత చేసిన పని ఈ ఖాళీ గురించే.

ఆస్ట్రియాలో పుట్టిన ఆర్థికవేత్త ఫ్రీడ్రిక్ హాయెక్ 1940లో మరో లోపం పట్టుకున్నాడు. బొగ్గు లాంటి ఒకే తరహా సరుకైతే సరే, ఆర్డర్ మీద ఒక్కటే తయారయ్యే భారీ యంత్రానికి మండలి ధర ఎలా ప్రకటిస్తుంది? ఆ జూలైలోనే లాంగే ఆయనకు ఉత్తరం రాశాడు. తన పరిష్కారంలోని ఖాళీలను హాయెక్ చూపించాడని ఒప్పుకున్నాడు. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తగినంత మంది ఉన్నచోట నిజమైన మార్కెట్‌కే ధరను వదిలేస్తానని కూడా అన్నాడు. వివరంగా జవాబిస్తానన్న మాట మాత్రం నిలబెట్టుకోలేదు.

జవాబు ఎందుకు రాలేదో ఆయన జీవితం కొంత చెబుతుంది. 1904లో తొమాషూఫ్ మజొవియెత్స్కీలో పుట్టి, 1934లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద అమెరికా వెళ్లాడు. షికాగో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు, 1943లో అమెరికా పౌరుడయ్యాడు. 1944 మేలో మాస్కోలో స్టాలిన్‌ను కలిశాడు. మరుసటి ఏడాది ఆ పౌరసత్వం వదులుకుని, అదే అమెరికాకు పోలండ్ కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వ రాయబారిగా వచ్చాడు. అమెరికా విప్పి చదివి 1995లో బయటపెట్టిన సోవియట్ రహస్య సందేశాల్లో, అంటే వెనోనా టెలిగ్రాముల్లో, ఆయనకో మారుపేరు ఉంది. ఆ టెలిగ్రాముల్లో రూజ్‌వెల్ట్‌కు, చర్చిల్‌కు కూడా మారుపేర్లున్నాయి కాబట్టి అదొక్కటే చూపి గూఢచారి అనడం తొందరపాటు. 1953లో స్టాలిన్ ఆర్థిక రచనను పొగుడుతూ రాసిన రాతలకు మాత్రం అలాంటి సాకు దొరకదు. మేనేజర్‌కు స్వేచ్ఛ ఉండాలన్నవాడు, ఆ స్వేచ్ఛే లేని వ్యవస్థను సిద్ధాంతమని మెచ్చుకున్నాడు.

1956 తర్వాత ఒక అవకాశం వచ్చింది. పోలండ్ కమ్యూనిస్టు పార్టీ నాయకుడు గొముల్కా ప్రభుత్వం వేసిన ఆర్థిక మండలికి లాంగే అధ్యక్షుడు, మరో ఆర్థికవేత్త మిహావ్ కలెత్స్కీ ఒక ఉపాధ్యక్షుడు. సంస్థలకు స్వయంప్రతిపత్తి, ధరల సంస్కరణ కావాలని 1957లో సిఫారసు చేశారు. ఫైళ్లు కదలలేదు. 1960ల మొదట్లో మండలే మూతపడింది.

దీనికి కారణం పార్టీ మొండితనమేనని లాంగే అభిమానులు అంటారు. సగం నిజం. మిగతా సగం ఆయన చనిపోయిన ఐదేళ్లకు బయటపడింది. మాంసం ధరలను ప్రభుత్వం 1970 డిసెంబర్ 12న ఒక్కసారిగా పెంచింది. గ్దాన్స్క్, గ్దీన్యా ఓడరేవుల్లో కార్మికులు వీధికెక్కారు, కాల్పుల్లో చనిపోయారు, 20న గొముల్కా దిగిపోయాడు. 1976లో ధరల పెంపు మీద రాదోమ్, ఉర్సుస్‌లలో కార్మికులు మళ్లీ వీధికెక్కారు. గడువు గడువుకూ కొద్దికొద్దిగా సవరించాలన్న లాంగే పద్ధతి ఇది కాదు, నిజమే. కానీ సంతలో ధర పెరిగితే ఎవరిని నిలదీయాలో తెలియదు, ఆఫీసు పెంచిన ధరకు అడ్రసు ఉంటుంది. అడ్రసున్న ధరను పెంచడానికి ఏ ప్రభుత్వమైనా జంకుతుంది. కొరత ఉన్నా ధర కదలదు, క్యూ పెరుగుతుంది. ధర సవరిస్తూ వెతికే తడుములాట ఆగిపోయేది ఇక్కడే. ఏ సమీకరణమూ దీన్ని పట్టించుకోదు. సోషలిజానికి అసలు ప్రమాదం ఆర్థిక జీవితం అధికారుల చేతిలో బిగుసుకుపోవడమేనని లాంగే తన వ్యాసంలోనే రాశాడు, రాసి అక్కడితో వదిలేశాడు.

మన దేశానికీ ఆయన వచ్చాడు. 1954-55లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ సంస్థ వ్యవస్థాపకుడు మహలనోబిస్ అతిథుల్లో లాంగే ఒకడు. రెండో పంచవర్ష ప్రణాళికకు పునాది పడుతున్న రోజులవి. మహలనోబిస్ లెక్క పెట్టుబడిలో మూడో వంతు మౌలిక పరిశ్రమలకు ఇవ్వమంది. ఎంత ఎక్కడ పెట్టాలన్నదే అక్కడ ప్రశ్న, ఏ ధరకు అన్నది కాదు. తన పేరు నిలిపిన పథకాన్ని లాంగే సొంత దేశంలోనూ, సలహా చెప్పిన దేశంలోనూ అమలు చేయించలేకపోయాడు.

లాంగే 1965లో లండన్‌లో చనిపోయాడు. 1967లో అచ్చయిన చివరి వ్యాసంలో, హాయెక్‌కు ఇప్పుడైతే జవాబు తేలికని రాశాడు: సమీకరణాలను ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌కు ఇస్తే సెకను లోపే జవాబొస్తుంది, మార్కెట్ పాతకాలపు యంత్రంలా కనిపిస్తుంది. క్యాబ్ యాప్‌లు నిమిషానికో ధర చూపిస్తున్నాయి కాబట్టి లాంగే గెలిచాడని వాదించేవాళ్లు ఈ మాటనే ఎత్తుకుంటారు. ఎంత పెద్ద కంప్యూటర్‌కైనా పరిమితి ఉంటుందని అదే వ్యాసంలో ఆయన ఒప్పుకున్న సంగతి వాళ్లు చెప్పరు. యాప్ ఎక్కువ అడిగితే ప్రయాణికుడు ఇంకో యాప్ తెరుస్తాడు, డ్రైవర్‌కు గిట్టకపోతే బుకింగ్ రద్దు చేస్తాడు. లాంగే మండలికి పక్కన ఇంకో మండలి లేదు. ఇక గని మేనేజర్ చివరి టన్ను ఖర్చు 58 అని టైప్ చేస్తే, కంప్యూటర్ ఆ 58తోనే లెక్క కడుతుంది.